ఖాళీ పటం

ఏడో తరగతిలో, తాళ్ళరేవు హైస్కూల్లో
ఇజ్రాయేలు మాస్టారు తలా ఒక పటం ఇచ్చారు.
ఆగ్నేయాసియా. గీతలే, పేర్లు లేవు.
"నదులు నీలం, కొండలు గోధుమ,
వరి పండే చోట చిన్న కంకి బొమ్మ. రేపటికి."

మా ఇంట్లో నీలం పెన్సిల్ లేదు.
పడవకి పూసే రంగులో పుల్ల ముంచి
ఐరావతి గీశాను. కాయితం ఉబ్బింది.
శ్రావణంలో మా గౌతమిలాగే
నది ఒడ్డు దాటేసింది.

నాయనమ్మ మండపీతల కాళ్ళకి తాళ్ళు బిగిస్తోంది.
పేరు పేరంటాలు. ఊరికి మాత్రం రంగం ముసలమ్మ.
పిల్లికి అన్నం పెడుతూ "సా పీ బీ లా?" అంటుంది,
తిన్నావా అని. మా పిల్లికి ఆ భాషే వచ్చు.
ఆవిడ ఊరబెట్టిన రొయ్యపొట్టు జాడీ మూత తీస్తే
వీధి వీధంతా ముక్కు మూసుకునేది.
మాకు ఆకలేసేది.

"ఏట్రా అది?"
"దేశాలు."
"దేశాలు ఇంత పొడిగా ఉంటాయేటి?"

అప్పుడు చెప్పుకొచ్చింది, తాడు ముడి వదలకుండా.
మనకి ఏడు పాయలు, అక్కడ తొమ్మిది.
అక్కడా నల్లమడే, అక్కడా తిల్లచెట్టే,
దాని పాలు కంట్లో పడితే అక్కడోడికీ చూపు పోద్ది.
పోటుకి పీత పైకొస్తది, ఆటుకి బురదలో దూరుద్ది,
దానికి ఏ రాజైతే ఏటి.
కోరంగి రేవులో ఓడెక్కినోళ్ళని
అక్కడ కోరంగీలనేవోరు,
ఊరి పేరు కులమైంది, తర్వాత తిట్టైంది.
మిల్లులో బస్తాలు మోసే తాత పక్కన
చిట్టగాంగు సాయిబులు, అరవోళ్ళు, చీనా మేస్త్రీ:
అయిదు భాషల్లో అప్పులు, ఒకటే కొట్టు.
పక్కింటావిడ మా సానరాయి మీదే
తనకా చెక్క అరగదీసి బుగ్గలకి పూసుకునేది,
అదే రాయి మీద మా పసుపుకొమ్ము.

వేలు జరిపింది. రంగం దాటింది.
గోధుమరంగు కొండల మధ్య ఎక్కడో ఆగింది,
జపానోడి బాంబులు పడ్డ యేడు
జనం నడిచొచ్చిన దారిలో.
"ఇక్కడ" అంది.
ఇంకేం అనలేదు.
రొయ్యజిడ్డు వేలు. మరక నిలిచిపోయింది.

మర్నాడు మరక కనపడకుండా
దాని మీద వరికంకి గీశాను.
మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టి
"కొండల్లో వరి పండదు" అని రాసి
ఒక మార్కు తగ్గించారు.

నాయనమ్మకి చూపించాను.
"పండదన్నాడా? పండుద్ది.
నే చూశాను" అంది.
మళ్ళీ పీతల్లో పడింది.

నాన్నకి ముందు ఒక అక్క పుట్టిందని
నాకు పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది,
నాయనమ్మ దినం నాడు, వడ్డనల మధ్య
మేనత్త "ఇంకో ఆకెయ్యండ్రా" అంటే.
ఎవరికని అడిగాను.
ఆకు తడుపుతూ చెప్పింది. నడక నేర్చిందట అప్పటికే.

ఇప్పుడు అటవీశాఖలో దినకూలీని.
చొల్లంగి దిగువన, ఆటు వేళ, మోకాలి బురదలో
ఉప్పుపొన్న మొలకలు నాటుతుంటాను.
చెట్టు మీదే మొలకెత్తి, జారి,
నీళ్ళలో నిలువుగా తేలుతూ పోయే కాయలు.
నెలల తరబడి ఉప్పులో బతుకుతాయంట.
ఏది ఇక్కడిది, ఏది అవతలి గట్టునుంచి వచ్చిందో
రేంజరు గారికీ తెలీదు,
ఆయనకి రిజిస్టర్లో అంకె చాలు.

ఇవాళ మూడొందల పన్నెండు.
పోటు తోసుకొస్తుంటే పడవెక్కేశాం.
కాళ్ళ దగ్గర, నీళ్ళు తోడే డబ్బా కింద
ఇంకోటి కనపడింది, జానెడు కూడా లేదు,
బురద తుడిస్తే పచ్చగా.
"పొద్దున చూద్దాం లేరా" అన్నాడు కొప్పాడి నూకరాజు.
దిగాను. నడుం లోతు.
కాలితో అడుగు తడుముకుని గుచ్చాను.

రిజిస్టర్లో మూడొందల పన్నెండనే రాశాను.